ముందొక చక్రం, వెనుకొక చక్రం: ఖమ్మం–భద్రాచలం అడవి అంచున మోటార్‌సైకిల్ చక్రాల జోడింపు

మోటార్‌సైకిల్‌కు ముందు ఒక తరహా చక్రం, వెనుక మరో తరహా చక్రం బిగించుకోవడం కస్టమ్ బండ్ల లోకంలో పాత పద్ధతే. ముందు స్పోకుల చక్రం, వెనుక అల్లాయ్ కావచ్చు. ముందు డిస్కు బ్రేకున్న అల్లాయ్, వెనుక డ్రమ్ము బ్రేకున్న పాత స్పోకుల చక్రం కావచ్చు. రెండూ స్పోకులవే అయినా ముందు 21 అంగుళాలు, వెనుక 16 అంగుళాలు కావచ్చు. నగరాల్లో ఈ మార్పు ఎక్కువగా అందం కోసం జరుగుతుంది. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా సాగే అడవి అంచున మాత్రం చక్రాన్ని ఎంచేటప్పుడు దారినీ, బరువునీ, పంచరునీ, మరమ్మతునీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. ముందు చక్రం చేసే పని వేరు, వెనుక చక్రం చేసే పని వేరు. అందుకే రెండు చోట్లా ఒకే రకం ఉండాలన్న నియమం ఏదీ లేదు. అయితే రెండింటి కొలతలూ ఒకదానికొకటి కుదరాలి. చూపుకు నప్పిందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

నేల, దారి

ఖమ్మం చుట్టూ పత్తి, మిర్చి పండే నల్లరేగడి నేలలున్నాయి. భద్రాచలం వైపు వెళ్లేకొద్దీ ఎర్రమట్టి, మొరం, జామాయిల్ తోటలు, టేకు, వెదురు కనిపిస్తాయి. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వైపు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారే ఈ ప్రాంతానికి వెన్నెముక. ఆ రోడ్డు దిగి ఊళ్ల లోపలికి వెళ్తే తారు పోయి మొరం, మొరం పోయి బండి బాట వస్తాయి. సింగరేణి బొగ్గు లారీలు తిరిగే చోట తారు రోడ్డుకే గుంతలు పడతాయి. గోదావరి వరద వచ్చిన ఏడాది సంగతి చెప్పనక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు ఏటి ఒడ్డు మండలాల్లో రోడ్లు మునిగి, కోసుకుపోయి, ఒండ్రు కింద పూడిపోయాయి.

ఈ నేల చక్రాన్ని మూడు రకాలుగా దెబ్బతీస్తుంది. మొరం బాటలో తేలిన రాయి రిమ్ముకు నేరుగా తగులుతుంది. నరికిన వెదురు మోడు, సర్కారు తుమ్మ ముల్లు టైరును చీలుస్తాయి, లేదా పొడుస్తాయి. మూడోది నల్లరేగడి. తొలకరిలో తడిసిన రేగడి టైరుకు పట్టుకుని మడ్‌గార్డు కింద పేరుకుంటుంది. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందు తక్కువగా ఉంటే నాలుగు గజాలు పోయేసరికి చక్రం తిరగడం మానేస్తుంది. చేను గట్టున బండి ఆపి పుల్లతో మట్టి గోకే మనిషి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన దృశ్యమే. హీరో ఎక్స్‌పల్స్ లాంటి బండ్లకు ముందు మడ్‌గార్డు టైరుకు చాలా ఎత్తున ఉండటానికి కారణం ఇదే. ఆ సందు గురించి ఆలోచించకుండా ముందు పెద్ద చక్రం వేస్తే, షోకు తీరుతుంది కానీ చేలోకి వెళ్లే వీలు పోతుంది.

మూడు రకాల చక్రాలు, మూడు స్వభావాలు

స్పోకుల చక్రంలో హబ్బు, రిమ్ము, వాటిని కలిపే స్పోకులు, స్పోకు కొసన బిగించే నిపిళ్లు ఉంటాయి. అన్ని స్పోకులూ ముందే లాగి బిగించి ఉంటాయి. నేల తగిలే చోట స్పోకుల బిగువు కొంత సడలుతుంది, చక్రం తిరిగాక మళ్లీ బిగుస్తుంది. రాయి తగిలినప్పుడు ఈ సడలింపులోనే దెబ్బలో కొంత భాగం కరిగిపోతుంది. స్టీలు రిమ్ము సొట్టపడితే కొట్టి సరిచేయవచ్చు, రెండు స్పోకులు విరిగినా మెల్లగా ఇల్లు చేరవచ్చు. లోటు ఏమిటంటే, మామూలు స్పోకు రిమ్ముకు నిపిళ్ల రంధ్రాలుంటాయి కాబట్టి గాలి నిలవదు, లోపల ట్యూబు తప్పదు. ట్యూబులో ముల్లు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. చక్రం ఊడదీయాలి, టైరు విప్పాలి.

అల్లాయ్ చక్రం అల్యూమినియం మిశ్రమంతో ఒకే ముక్కగా పోతపోసినది. రంధ్రాలు లేవు కాబట్టి ట్యూబ్‌లెస్ టైరు పడుతుంది. ముల్లు దిగినా గాలి మెల్లగా కారుతుంది. ముల్లు పీకి ప్లగ్గు దూర్చి, చేతి పంపుతో గాలి కొట్టుకుని అయిదు పది నిమిషాల్లో కదలవచ్చు. స్పోకులు బిగించే పని ఉండదు, తారు రోడ్డు మీద వేగంలో నిలకడగా నడుస్తుంది. అయితే గట్టి రాయి తగిలితే వంగడం కంటే పగలడం ఎక్కువ. పగిలిన చోట వెల్డింగ్ పెట్టించుకుని తిరిగేవాళ్లున్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. పోతపోసిన తరువాత వేడి చికిత్సతో ఆ లోహానికి గట్టిదనం వస్తుంది. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది. చూడటానికి అతుకు బాగానే ఉంటుంది, తరువాతి గుంతలో మళ్లీ అక్కడే విడిపోతుంది.

మూడో రకం నిండు పళ్లెం చక్రం. స్పోకులూ కాళ్లూ లేకుండా రేకులా మూసి ఉంటుంది. 1990లో వచ్చిన హార్లీ డేవిడ్‌సన్ ఫ్యాట్ బాయ్‌తో దీనికి ప్రచారం వచ్చింది. ముందు ఇలాంటిది వేస్తే పక్కగాలి హ్యాండిల్‌ను లాగుతుంది. గోదావరి వంతెన లాంటి తెరిపి చోట్ల అది తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. అందుకే దీన్ని ఎక్కువగా వెనక్కే పరిమితం చేస్తారు.

ఈ జోడింపు ఎక్కడి నుంచి వచ్చింది

ముందు సన్నగా, ఎత్తుగా, వెనుక లావుగా, పొట్టిగా ఉండే చక్రాల జంటను లోకానికి పరిచయం చేసినవి అమెరికాలో కోసి తిరిగి కట్టే కస్టమ్ బండ్లయిన చాపర్లు. 1969 నాటి ఈజీ రైడర్ సినిమాలో కనిపించే చాపర్‌కు ముందు 21 అంగుళాల స్పోకుల చక్రం, దానికి బ్రేకే లేదు. దాన్ని కట్టిన నల్లజాతి కళాకారులు క్లిఫ్ వాన్, బెన్ హార్డీల పేర్లు చాలా ఏళ్లు మరుగున ఉండిపోయాయి. ఆ తరువాత కంపెనీలే ఈ దారి పట్టాయి. 1980ల మధ్యలో హార్లీ అమ్మిన సాఫ్ట్‌టెయిల్ కస్టమ్‌కు ముందు 21 అంగుళాల స్పోకుల చక్రం, వెనుక 16 అంగుళాల నిండు పళ్లెం చక్రం. రెండు తరహాల చక్రాలతో షోరూమ్ నుంచే బయటికి వచ్చిన బండి అది.

మన దేశంలో చాలాకాలం స్పోకులు తప్ప మరో చక్రం లేదు. జపాన్‌లో యమహా ఆర్‌డీ 400 అల్లాయ్ చక్రాలతో 1976లోనే వచ్చినా, ఇక్కడ అల్లాయ్‌లు మామూలు జనానికి అందింది 2000ల మధ్యలో, బజాజ్ పల్సర్ లాంటి బండ్లతో. పాత ఇనుము దుకాణాల్లో పల్సర్ చక్రాలు దొరకడం మొదలయ్యాకే తెలుగు జిల్లాల మెకానిక్ షెడ్లలో చక్రాల మార్పిడి ఊపందుకుంది. హైదరాబాద్‌లో ఈమోర్ కస్టమ్స్ లాంటి వారు చేతి చిత్రాల ట్యాంకులతో రాయల్ ఎన్‌ఫీల్డ్‌లను కొత్తగా తీర్చి పేరు తెచ్చుకున్నారు. జిల్లా పట్టణాల్లో మాత్రం ఈ పని ఒక మెకానిక్కు, ఒక లేత్ షాపు, ఒక పెయింటర్ కలిసి చేసేదే.

ఆర్‌ఎక్స్ 100కు పల్సర్ చక్రం

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. దాని మీద తెలుగు కుర్రాళ్ల మోజు ఇప్పటికీ తగ్గలేదు. తేలికైన బండి, చురుకైన టూ స్ట్రోక్ ఇంజిను, ముందు చిన్న డ్రమ్ము బ్రేకు. ఇంజిను పరుగుకు బ్రేకు చాలదు కాబట్టి ముందు డిస్కు కావాలనుకోవడం న్యాయమే. డిస్కు కావాలంటే దానికి తగిన హబ్బు, కాలిపర్ పట్టే ఫోర్కు, మాస్టర్ సిలిండర్ కావాలి. పల్సర్ ముందు భాగం మొత్తం తెచ్చి వేస్తే అన్నీ ఒకే జతగా వస్తాయి. అలా ముందు 17 అంగుళాల అల్లాయ్, వెనుక కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల స్పోకుల చక్రం ఉన్న బండి తయారవుతుంది. ముందు చక్రం మారడానికి అసలు కారణం బ్రేకు. అల్లాయ్ దాని వెంట వచ్చింది.

రెండు టైర్లకూ ఒకే వెడల్పు అనుకుని ఇక్కడ ఒక లెక్క చూడాలి. 2.75-18 టైరు మొత్తం ఎత్తు దాదాపు 597 మిల్లీమీటర్లు, 2.75-17 టైరుది దాదాపు 572. ముందు ఇరుసు నేలకు సుమారు 13 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. బండి ముందుకు వాలుతుంది. హ్యాండిల్ ఇరుసు గీత నేలను తాకే చోటికీ, టైరు నేలను తాకే చోటికీ మధ్య ఉండే దూరాన్ని ట్రయిల్ అంటారు. ఆ దూరం తగ్గుతుంది. ఊళ్లో మలుపులు చురుగ్గా తిరుగుతాయి, కానీ జాతీయ రహదారిపై వేగం పెరిగితే హ్యాండిల్ తేలికపడి నిలకడ తగ్గుతుంది. ఫోర్కు పొడవు కూడా పాతదాని కంటే తక్కువైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ముందు చక్రం నుంచి కేబుల్‌తో నడిచే స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తుంది. పాత మీటరును, పాత గేరునే ఉంచితే అది 60 చూపినప్పుడు అసలు వేగం 57 దగ్గరే.

బుల్లెట్‌కు 21

దీనికి పూర్తిగా ఎదురు పని రాయల్ ఎన్‌ఫీల్డ్‌లకు చేస్తారు. 2021కి ముందటి క్లాసిక్ 350కు ముందు 90/90-19, వెనుక 110/90-18 టైర్లు. చాపర్ రూపం కోసమో, అడవి దారి కోసమో ముందు 90/90-21 వేయించుకుంటారు. ఎత్తు 645 నుంచి 695 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, ఇరుసు 25 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ట్రయిల్ పెరుగుతుంది, నిదానంగా మలిచేటప్పుడు హ్యాండిల్ బరువనిపిస్తుంది. కేబుల్ మీటరు 60 చూపినప్పుడు బండి నిజానికి 65కు దగ్గర్లో వెళ్తుంటుంది.

పెద్ద ముందు చక్రానికి అడవి దారిలో నిజమైన లాభం ఉంది. గుంత అంచును చిన్న చక్రం గుద్దుకుంటే, పెద్ద చక్రం ఎక్కి దాటుతుంది. మోటోక్రాస్ బండ్లకు ముందు 21, వెనుక 19 అంగుళాలు మామూలు కొలత. ఎక్స్‌పల్స్ 200కు ముందు 21, వెనుక 18. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు 2016లో వచ్చినప్పుడు ముందు 21, వెనుక 17. అంటే అసమాన చక్రాలు కంపెనీ ఇంజినీర్లే ఎంచుకున్న మార్గం. తేడా ఒక్కటే: వాళ్లు ఫోర్కు కోణాన్ని, సస్పెన్షన్ ప్రయాణాన్ని ఆ చక్రానికి తగ్గట్టు గీశారు. 19 కోసం గీసిన ఫోర్కులో 21 దూరిస్తే, గుంతలో ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు టైరు మడ్‌గార్డుకో కింది పట్టీకో తగలవచ్చు. బండిని స్టాండు మీద నిలబెట్టి చూస్తే ఇది తెలియదు. స్ప్రింగులు తీసి ఫోర్కును అట్టడుగుకు దించి సందు కొలిస్తేనే తెలుస్తుంది. ఆ పని చేసే మెకానిక్కుకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వాలి.

హబ్బు, రిమ్ము, గీత

స్పోకుల రిమ్ము మార్చేటప్పుడు మొదట చూడవలసింది రంధ్రాల లెక్క. చాలా బండ్లకు 36, పాత బుల్లెట్ రిమ్ములకు 40. హబ్బులో ఎన్నో రిమ్ములో అన్నే ఉండాలి. తరువాత వెడల్పు. సన్నని 1.85 అంగుళాల రిమ్ము మీద లావు టైరు ఎక్కించడం ఎక్కువగా జరిగే పొరపాటు. 140/70-17 టైరుకు సుమారు 4 అంగుళాల రిమ్ము కావాలి. సన్నని రిమ్ము మీద దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడిమి భాగం ఉబ్బి, నేలకు తాకే మేర తగ్గిపోతుంది. లావు టైరు వేసుకుని పట్టు పోగొట్టుకున్నట్టవుతుంది.

వెనుక చక్రం మారిస్తే మరో రెండు విషయాలున్నాయి. ఇంజిను దగ్గరి చిన్న స్ప్రాకెట్టూ చక్రం దగ్గరి పెద్ద స్ప్రాకెట్టూ ఒకే గీతలో ఉండాలి. అర సెంటీమీటరు పక్కకు జరిగినా చైను పళ్లను తినేస్తుంది. రెండోది, హబ్బులో ఉండే డ్రమ్ము రబ్బర్లు. గేరు వేసినప్పుడు వచ్చే కుదుపును అవే మింగుతాయి. వేరే బండి హబ్బు తెచ్చి, రబ్బర్లు పట్టలేదని తీసేసి బోల్టులతో బిగిస్తే ఆ కుదుపంతా గేర్‌బాక్సుకు చేరుతుంది.

రెండు చక్రాలూ బిగించాక ఒక దారపు పరీక్ష ఉంది. వెనుక టైరు పక్కన రెండు చోట్లా తగిలేలా దారం లాగి ముందు చక్రం దాకా తేవాలి. అలాగే రెండో పక్కన. ముందు 90, వెనుక 140 మిల్లీమీటర్ల టైర్లుంటే, హ్యాండిల్ నిటారుగా పెట్టినప్పుడు ముందు టైరుకు రెండు వైపులా దారానికి సరిగ్గా 25 మిల్లీమీటర్ల ఎడం కనిపించాలి. ఒక పక్క 30, మరో పక్క 20 వస్తే చక్రం మధ్యలో కూర్చోలేదని అర్థం. అప్పుడు లేత్ మీద స్పేసర్ తిప్పించాలి. వాషర్లు పేర్చి సరిపెట్టడం తగదు.

స్పోకులు బిగించే తీరు చూడదగ్గది. చక్రాన్ని ఇరుసు మీద తిప్పుతూ, సుద్దముక్కను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకుంటారు. రిమ్ము ఎక్కడ బయటికి వస్తే అక్కడ సుద్ద గీత పడుతుంది. ఆ గీతకు ఎదుటి పక్క స్పోకులను పావు తిప్పు బిగించి, గీత పక్క స్పోకులను పావు తిప్పు వదులు చేస్తారు. మళ్లీ తిప్పి చూస్తారు. పని ముగిశాక స్పానర్‌తో స్పోకులను వరసగా మీటుతారు. బిగువు సమంగా ఉన్నవి ఒకే శ్రుతిలో మోగుతాయి, వదులుగా ఉన్నది మందంగా మోగి దొరికిపోతుంది. కొత్తగా అల్లిన చక్రానికి స్పోకులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటాయి కాబట్టి మరోసారి బిగించాలి. రెండో బిగింపుకు తిరిగి రానివాళ్ల బండ్లలోనే స్పోకులు విరుగుతాయి.

ఈ అంచుకు ఏ జంట

ముందు చక్రం లేపిన మేకో ముల్లో వెనుక చక్రానికి గుచ్చుకోవడం మామూలు. పైగా వెనుక బరువు ఎక్కువ. అందుకే పంచర్లు ఎక్కువగా వెనుకే అవుతాయి. రాయి దెబ్బ మాత్రం మొదట ముందు చక్రానిదే. ఈ రెండూ కలిపి చూస్తే, రోజూ తారు మీద తిరుగుతూ అప్పుడప్పుడు మొరం బాట ఎక్కే ఉద్యోగికి, టీచరుకు, ఆరోగ్య కార్యకర్తకు ముందు స్పోకులు, వెనుక ట్యూబ్‌లెస్ అల్లాయ్ అన్న జంట బాగా సరిపోతుంది. ఆర్‌ఎక్స్‌కు డిస్కు కోసం వేసే జంటకు ఇది తలకిందులు. ఆ బండిని పట్టణంలో తిప్పడానికి ఇబ్బంది లేదు, చర్ల దాటి లోపలికి తీసుకెళ్లడానికి పనికిరాదు.

బరువులు మోసేవారి సంగతి వేరు. ఎండాకాలం తునికాకు కట్టలు, ఇప్పపువ్వు బస్తాలు, వానాకాలం ఎరువు సంచులు వెనుక వేసుకుని వాగు గట్లు దాటే బండికి వెనుక కూడా లావు గేజి స్పోకులే మేలు. లోపలి ఊళ్లో అల్లాయ్ పగిలితే అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. స్పోకు విరిగితే ఊళ్లో సైకిల్ బాగుచేసే మనిషి కూడా ఎంతో కొంత సరిచేస్తాడు. ఇలాంటివారికి జోడింపు అక్కర్లేదు, రెండూ స్పోకులే ఉండనివ్వాలి.

బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండ్లకు మరో జాగ్రత్త. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న బండిలో హబ్బు పక్కన పళ్ల చక్రం, దాన్ని చదివే సెన్సర్ ముందూ వెనుకా వేగాలను పోల్చుతూ ఉంటాయి. కంపెనీ పెట్టిన చుట్టుకొలతల నిష్పత్తి బాగా మారితే ఆ లెక్క తప్పుతుంది. చక్రం జారకపోయినా జారినట్టు భావించి బ్రేకును వదిలేసే ప్రమాదం ఉంది. ఏబీఎస్ బండికి చక్రం తరహా మార్చినా, టైరు ఎత్తు మాత్రం మార్చకపోవడం క్షేమం.

చట్టం

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. దాన్ని ఆనుకున్న ఎటపాక, ఆపై కూనవరం, చింతూరు 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. రాష్ట్రం మారినా వాహన చట్టం కేంద్రానిదే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చెబుతోంది. అదే మోడల్‌లో కంపెనీ స్పోకులు, అల్లాయ్ రెండు రకాలూ అమ్ముతుంటే, ఆ రెండింటిలోంచి తీసుకున్న చక్రం వేసుకునేవాడికి చిక్కులు తక్కువ. స్ప్లెండర్‌కూ, క్లాసిక్ 350కూ రెండు రకాలూ వచ్చాయి. ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గేలా అరిగిపోకూడదన్న నియమమూ ఉంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరు మొదట చూసే వాటిలో చక్రాలు, టైర్లు ఉంటాయి.

ట్యూబు లేని స్పోకులు

ముందొక రకం వెనుకొక రకం వేసుకోవడానికి ఉన్న బలమైన కారణం పంచరు. ఆ కారణమే ఇప్పుడు బలహీనపడుతోంది. స్పోకులను రిమ్ము నడుమ కాకుండా అంచు పట్టీలకు బిగించి, గాలి నిలిచే భాగంలో రంధ్రమే లేకుండా చేసే పద్ధతిని బీఎండబ్ల్యూ 1987లో తన జీఎస్ బండ్లతో తెచ్చింది. దశాబ్దాల పాటు అది ఖరీదైన బండ్లకే పరిమితమైంది. 2023 చివర్లో వచ్చిన హిమాలయన్ 450కు ఆ తరువాత ట్యూబ్‌లెస్ స్పోకుల చక్రాలు అందుబాటులోకి వచ్చాయి, 2024లో వచ్చిన గోవన్ క్లాసిక్ 350కు కూడా ఇచ్చారు. స్పోకుల సాగుదల, ట్యూబ్‌లెస్ సౌలభ్యం ఒకే చక్రంలో దొరుకుతున్నాయి. ధర ఇంకా మామూలు రిమ్ము కంటే చాలా ఎక్కువ. గాలి నిలిపే అంచు సొట్టపడితే కొట్టి సరిచేయడం పాత స్టీలు రిమ్ము అంత సులువు కాదు. ధర దిగివచ్చే దాకా అడవి అంచు షెడ్లలో ముందు స్పోకులు, వెనుక అల్లాయ్ అన్న జంటకు గిరాకీ ఉంటుంది.